తక్కువ ధర ఇయర్‌ఫోన్స్‌లో సౌండ్‌స్టేజ్, ఇమేజింగ్: దేన్ని చూసి కొనాలి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పెద్దగా ఖర్చు పెట్టకుండా, చెవి రంధ్రంలో కూర్చునే వైర్డ్ ఇయర్‌ఫోన్స్‌లో సౌండ్‌స్టేజ్ విశాలంగానూ ఇమేజింగ్ కచ్చితంగానూ ఉండేవి ఎలా ఎంచుకోవాలి? డ్రైవర్లు (లోపల శబ్దం పుట్టించే చిన్న స్పీకర్లు) ఎక్కువుంటే మేలా? వాడకం ఎక్కువగా పాటలకు, కొంత గేమ్స్‌కు. ఫోన్‌కీ లాప్‌టాప్‌కీ పెట్టి వినాలి.

ముందు ఈ రెండు మాటల్ని విడదీయాలి. చాలామంది రెండిటినీ కలిపి ఒకటే అనుకుని, ఒకటి చూసి కొని, రెండోది రాలేదని బాధపడతారు. శబ్దాలు పరుచుకున్న చోటు ఎంత పెద్దదిగా అనిపిస్తోందన్నది సౌండ్‌స్టేజ్. ఆ చోటులో ఫలానా శబ్దం ఇదిగో ఇక్కడుంది అని వేలు పెట్టి చూపించగలిగితే అది ఇమేజింగ్. స్టేజ్ వెడల్పుగానే ఉండి గిటార్ ఎక్కడుందో తేలని ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి. తల దాటి బయటికి రాకపోయినా ప్రతి వాయిద్యమూ తన చోట కదలకుండా నిలబడేవీ ఉన్నాయి. తక్కువ ధరలో మంచి ఇమేజింగ్ దొరకడం తేలిక, పెద్ద స్టేజ్ దొరకడం కష్టం. ఎందుకంటే ఇమేజింగ్‌కు ప్రధానంగా కావలసింది ఎడమా కుడీ ఒకేలా మోగడం. అందులో సగం కొనేటప్పుడు చూసుకోవాల్సింది, మిగతా సగం చెవిలో పెట్టుకునే తీరులో ఉంటుంది.

చెవి దిక్కును ఎలా పట్టుకుంటుందో కాస్త తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. కుడి పక్క నుంచి వచ్చే శబ్దం కుడి చెవికి ముందు చేరి, తల చుట్టూ తిరిగి ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. పూర్తిగా పక్క నుంచి వస్తే ఆ ఆలస్యం సుమారు 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్లు. సుమారు 1500 హెర్ట్జ్ కంటే కింద మెదడు ముఖ్యంగా ఈ ఆలస్యాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. అంతకు పైన తల అడ్డుపడటం వల్ల దూరపు చెవికి శబ్దం తగ్గి వినిపిస్తుంది కాబట్టి, ఆ మోతాదు తేడా మీద ఆధారపడుతుంది. ఈ రెండు సూచనల సంగతి భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు. మన చెవులు ఈ విషయంలో ఆశ్చర్యపడేంత సూక్ష్మమైనవి. 10 మైక్రోసెకన్ల ఆలస్యాన్ని, 1 డీబీ (డెసిబెల్) మోతాదు తేడాని కూడా పసిగట్టగలవు.

మూడో సూచన బయటి చెవి ఇస్తుంది. చెవి మడతల్లో శబ్దం తగిలి తిరిగి వచ్చేటప్పుడు 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో గుంటలూ గుట్టలూ ఏర్పడతాయి. ముందు నుంచా వెనక నుంచా, పైనుంచా కిందినుంచా అన్నది ప్రధానంగా వాటితోనే తెలుస్తుంది. ఇయర్‌ఫోన్ ఆ మడతల్ని దాటేసి నేరుగా రంధ్రంలో మోగుతుంది. అందుకే మామూలు స్టీరియో పాట వింటే గాయని గొంతు ముందున్న వేదిక మీద కాకుండా తలలోనో నుదుటి దగ్గరో వినిపిస్తుంది. ఎంత ఖరీదైన ఇయర్‌ఫోన్ అయినా ఈ పరిమితి పూర్తిగా పోదు. తక్కువ ధరలో దీన్ని గుర్తుంచుకుని ఆశ పెట్టుకోవాలి: ఎడమ చెవి నుంచి కుడి చెవి దాకా, కొంచెం బయటికి కూడా పరుచుకుని, ఆ గీత మీద ఏడెనిమిది చోట్లు విడివిడిగా తెలిస్తే అది మంచి ఫలితం. డబ్బా మీద రాసే 3డీ, 360 లాంటి మాటలకు ఇయర్‌ఫోన్ లోపల ప్రత్యేకంగా భాగమేమీ ఉండదు. వాటిని చూసి డబ్బు పెట్టకండి.

ఇప్పుడు కొనేటప్పుడు చూడాల్సింది. మొదటిది రెండు వైపుల పొందిక, అంటే ఛానెల్ మ్యాచింగ్. ఏ పౌనఃపున్యం ఎంత గట్టిగా మోగుతుందో చూపే కొలతల గ్రాఫ్‌లో ఎడమ, కుడి గీతలు 100 హెర్ట్జ్ నుంచి 6 కిలోహెర్ట్జ్ దాకా 1 డీబీ లోపల ఒకదాని మీద ఒకటి పడుతుంటే చాలు. తక్కువ ధర వాటిలో డిజైన్ బాగున్నా ఒక్కో జతకీ తేడా రావచ్చు. డ్రైవర్లను కొలిచి జతపరచడం ఖర్చుతో కూడిన పని, అక్కడే కోత పడుతుంది. 2, 3 డీబీ తేడా ఒకే ప్రాంతంలో ఉంటే విచిత్రమైన ఫలితం వస్తుంది: గొంతు మధ్యలోనే ఉంటుంది, కానీ పై స్వరాలకు వెళ్లినప్పుడు ఒక పక్కకు జరుగుతుంది. విన్నవాళ్లు ఇమేజింగ్ మసకగా ఉందంటారు గానీ కారణం చెప్పలేరు. అందుకే తిరిగి ఇచ్చే వీలున్న చోట కొనడం ఈ విషయంలో అన్నిటికంటే విలువైన జాగ్రత్త.

రెండోది ట్యూనింగ్, అంటే ఏ స్వరం ఎంత మోతాదులో మోగాలో కుదర్చడం. స్టేజ్ పెద్దదిగా అనిపించడం, ఇరుకుగా అనిపించడం చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. 150 నుంచి 300 హెర్ట్జ్ మధ్య ఉబ్బు ఉంటే డ్రమ్ములూ బాస్ గిటార్ మోత చివరా మగ గొంతుల అడుగూ కలిసిపోయి ముద్దగా అవుతాయి. తక్కువ పౌనఃపున్యాలు తమకంటే పైవాటిని కప్పేస్తాయి కాబట్టి ఆ ముద్ద వెనక రికార్డింగ్‌లోని ప్రతిధ్వని మునిగిపోతుంది. గది పెద్దదా చిన్నదా అని చెప్పేది ఆ ప్రతిధ్వనే. అది పోతే స్టేజ్‌కు లోతు ఉండదు. బాస్ ఇష్టమైతే 100 హెర్ట్జ్ కింద ఎక్కువున్నవి చూడండి. 60 హెర్ట్జ్ దగ్గర లేచి 200 దగ్గరకి వచ్చేసరికి చదునుగా మారే గీత గొంతులను కప్పకుండా బరువునిస్తుంది.

2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య సహజంగా ఒక గుట్ట ఉండాలి. తెరిచి ఉన్న చెవి రంధ్రం సుమారు 25 మి.మీ. పొడవుతో ఇక్కడే తనంతట తాను శబ్దాన్ని పెంచుతుంది. ఇయర్‌ఫోన్ రంధ్రాన్ని మూసేస్తే ఆ పెంపు పోతుంది కాబట్టి ట్యూనింగ్‌లో దాన్ని తిరిగి ఇవ్వాలి. అయితే ఆ గుట్ట మరీ ఎత్తయితే గొంతులు మొహం మీదికి వచ్చి కూర్చుంటాయి. స్పష్టత ఉన్నట్టే ఉంటుంది, వేదిక మాత్రం ముందుకు నొక్కుకుపోతుంది. 1.5 నుంచి 2 కిలోహెర్ట్జ్ దగ్గర కొద్దిగా తగ్గించినవి గొంతును ఒక అడుగు వెనక్కి నిలబెడతాయి, స్టేజ్ విశాలమైందన్న భావన వస్తుంది. తగ్గింపు ఎక్కువైతే గొంతు పీలగా, దూరంగా, సొరంగంలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఇది ఒక రకంగా బొమ్మలో దూరాన్ని రంగులు తేలిక చేసి చూపించడం లాంటిది. పద్ధతి సరైనదే, మోతాదు మించకూడదు.

10 కిలోహెర్ట్జ్ పైన ఎంతవరకు సాగుతుందన్నది కూడా స్టేజ్‌కు ముఖ్యం. డ్రమ్స్ పక్కనుండే సింబల్ పళ్లెం కొట్టాక మిగిలే గాలి లాంటి మెరుపు, గది గోడల నుంచి వచ్చే సన్నని తిరుగు శబ్దం అక్కడే ఉంటాయి. చవక వాటిలో ఆ పైభాగం త్వరగా పడిపోవడం, ఆ లోటు కనబడకుండా 5, 6 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక పదునైన ముల్లు పెట్టడం మామూలు. ఆ ముల్లు మొదటి ఐదు నిమిషాలు డీటెయిల్‌గా అనిపిస్తుంది, అరగంటకు చెవి అలిసిపోతుంది. 6 నుంచి 8 దగ్గర ముల్లుంటే 'స', 'ష' అక్షరాలు గుచ్చుకుంటాయి.

గ్రాఫ్ చదివేటప్పుడు ఒక హెచ్చరిక. చాలా గ్రాఫ్‌లు 711 అని పిలిచే కృత్రిమ చెవి గొట్టంతో తీసినవి. అందులో 8 కిలోహెర్ట్జ్ దగ్గర కనిపించే శిఖరం చాలాసార్లు గొట్టపు అనునాదం (రెసొనెన్స్) మాత్రమే. నాజిల్ (చెవిలోకి దిగే మూతి గొట్టం) నుంచి కర్ణభేరి దాకా ఉండే దూరం సుమారు 21 మి.మీ. అయితే శిఖరం 8 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది, 17 మి.మీ. అయితే 10 దగ్గరకు జరుగుతుంది. మీ చెవిలో అది ఎక్కడ పడుతుందో గ్రాఫ్ చెప్పలేదు. కాబట్టి 8 కిలోహెర్ట్జ్ లోపలి భాగాన్ని నమ్మండి, ఆ పైదాన్ని సూచనగా మాత్రమే తీసుకోండి. రెండు ఇయర్‌ఫోన్స్‌ను పోల్చాలంటే ఒకే వ్యక్తి ఒకే పరికరం మీద తీసిన గ్రాఫ్‌లనే పోల్చాలి. స్క్విగ్‌లింక్ లాంటి సైట్లలో రెండు గీతల్ని ఒకదాని మీద ఒకటి వేసి చూసుకోవచ్చు. హార్మన్ సంస్థ పరిశోధకులు తయారుచేసిన లక్ష్యరేఖను (గ్రాఫ్ గీత ఎలా ఉంటే ఎక్కువమందికి నచ్చుతుందో చూపేది) చాలామంది కొలబద్దగా వాడతారు. మంచి ఆరంభ బిందువే అది, కానీ స్టేజ్ కోసం వెతికేవారికి 2019 నాటి ఆ రేఖలో 3 కిలోహెర్ట్జ్ ప్రాంతం కాస్త ఎక్కువగా అనిపించవచ్చు. దానికంటే 1, 2 డీబీ కిందుగా ఉన్నవి తరచూ మరింత ప్రశాంతంగా, విశాలంగా వినిపిస్తాయి.

డ్రైవర్ల లెక్క గురించి అడిగారు. తక్కువ ధరలో ఒకే మంచి డైనమిక్ డ్రైవర్ (మామూలు స్పీకర్‌లా పల్చటి పొరను కదిపేది) ఉన్నదే సురక్షితమైన ఎంపిక అని నా గట్టి అభిప్రాయం. ఆరు డ్రైవర్లు పెట్టడం కష్టం కాదు, వాటిని క్రాస్‌ఓవర్ (ఒక డ్రైవర్ ఆపి ఇంకోటి అందుకునే పౌనఃపున్యం) దగ్గర ఫేజ్, అంటే తరంగాల నడక, కలిసేలా కుదర్చడం కష్టం. కుదరకపోతే ఒకే వాయిద్యపు అడుగు భాగం ఒక చోట, పైభాగం ఇంకో చోట ఉన్నట్టు వినిపిస్తుంది. పైగా డ్రైవర్లు పెరిగినకొద్దీ ఎడమ కుడి మధ్య తేడా రావడానికి అవకాశాలూ పెరుగుతాయి. అలాగని రెండు రకాల డ్రైవర్లూ కలిపిన హైబ్రిడ్లు వద్దని కాదు. జాగ్రత్తగా చేసిన ఒక డైనమిక్, రెండు మూడు బ్యాలన్స్‌డ్ ఆర్మేచర్ల (ఇంకో రకం చిన్న డ్రైవర్ల) కలయిక విడివిడితనంలో ఒంటరి డ్రైవర్‌ను మించగలదు. లెక్క చూసి కాకుండా గ్రాఫ్ చూసి, విని నిర్ణయించాలి.

షెల్‌కు, అంటే ఇయర్‌ఫోన్ బయటి గూడుకు, ఉండే గాలి రంధ్రాల్ని కూడా గమనించండి. ముందువైపు చిన్న వెంట్ ఉంటే చెవి లోపల పేరుకునే ఒత్తిడి తగ్గుతుంది. చెవి బిగుసుకుపోయిన భావన పోతే స్టేజ్ కాస్త విడిచినట్టు అనిపించవచ్చు. బదులుగా బయటి రొద కొంత లోపలికి వస్తుంది. బస్సులోనో రైల్లోనో వినేవారికి ఇది నష్టమే. రొద రికార్డింగ్‌లోని సన్నని ప్రతిధ్వనిని మింగేస్తే వెంట్ తెచ్చిన లాభం అక్కడే పోతుంది. నిశ్శబ్దమైన గదిలో వినేవారికి వెంట్ ఎక్కువున్నది, ప్రయాణంలో వినేవారికి బాగా మూసేది సరిపోతుంది.

ఇక టిప్స్, అంటే నాజిల్‌కు తొడిగే మెత్తని తొడుగులు. ఈ సమాధానంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇదే చదవమంటాను. చిన్న రబ్బరు ముక్క అనుకుంటారు గానీ, ఇమేజింగ్ నిలబడేదీ కూలేదీ దీని మీదే. ఒక చెవిలో సీల్ (గాలి పోకుండా మూసుకోవడం) సరిగా కుదరకపోతే 200 హెర్ట్జ్ కింద శబ్దం ఆ వైపు కారిపోతుంది. లీక్ పెద్దదైతే 10 డీబీకి పైగా పడిపోవచ్చు. మోతాదు పడటమే కాదు, ఆ వైపు ఫేజ్ కూడా జరుగుతుంది. ఇందాక చెప్పుకున్నట్టు కింది స్వరాల దిక్కును మెదడు కాలపు తేడాతోనే పట్టుకుంటుంది కాబట్టి బాస్ ఒక పక్కకు వంగి, మధ్యలో ఉండాల్సిన డ్రమ్ చోటు తెలియకుండా పోతుంది. మనిషి రెండు చెవి రంధ్రాలు ఒకే కొలతలో ఉండవు. ఎడమకు మీడియం, కుడికి లార్జ్ కావాల్సి రావడం మామూలే. డబ్బాలో వచ్చిన జతనే రెండు వైపులా పెట్టాలన్న నియమం ఏమీ లేదు.

పెట్టుకునే పద్ధతి: ఎదుటి చేత్తో తల వెనక నుంచి చెవిని పట్టుకుని పైకి, వెనక్కి లాగండి. రంధ్రం తిన్నగా అవుతుంది. అప్పుడు ఇయర్‌ఫోన్‌ను కొంచెం తిప్పుతూ లోపలికి జరిపి చెవిని వదలండి. ఫోమ్ టిప్ అయితే వేళ్ల మధ్య సన్నగా నలిపి, పెట్టాక అది విచ్చుకునేదాకా 30 సెకన్లు పట్టుకోవాలి. తర్వాత 40 హెర్ట్జ్ టోన్ ఒకటి తక్కువ శబ్దంలో పెట్టి వినండి. రెండు చెవుల్లో సమానంగా, తల మధ్యలో గుమ్మటంలా వినిపించాలి. ఒక పక్కే వినిపిస్తే రెండో పక్క ఒక సైజు పెద్ద టిప్ పెట్టి చూడండి. దవడ కదిపితే బాస్ మాయమై మళ్లీ వస్తుంటే టిప్ చిన్నదైందనే అర్థం. అరగంటకే నొప్పి పుడితే పెద్దదైంది.

టిప్ నోరు వెడల్పుగా ఉంటే ట్రెబుల్ (పై స్వరాలు) తెరుచుకుంటుంది, స్టేజ్ కాస్త గాలి ఆడినట్టు ఉంటుంది. నోరు సన్నగా ఉంటే ట్రెబుల్ మెత్తబడి బాస్ బరువుగా అనిపిస్తుంది. ఫోమ్ పై స్వరాల్ని కొంత పీల్చేస్తుంది, గుచ్చుకునే ఇయర్‌ఫోన్‌ను మచ్చిక చేయడానికి పనికొస్తుంది గానీ, ముందే మందంగా ఉన్నదానికి పెడితే మొత్తం దుప్పటి కప్పినట్టవుతుంది. లోతు కూడా రెండు వైపులా సమానంగా ఉండాలి. ఒక పక్క 3, 4 మి.మీ. బయటే ఆగిపోతే పైన చెప్పిన 8 కిలోహెర్ట్జ్ శిఖరం రెండు చెవుల్లో వేర్వేరు చోట్ల పడుతుంది. అప్పుడు గొంతు మధ్యలో ఉన్నా 'స' అక్షరం మాత్రం ఒక పక్క నుంచి వస్తున్నట్టుంటుంది. నాజిల్ లావు కూడా ముందే చూసుకోండి. 6 మి.మీ. దాటిన నాజిల్ చిన్న రంధ్రాలున్నవారికి లోపలికి దిగదు, ఎన్ని టిప్స్ మార్చినా అంచు మీదే కూర్చుంటుంది.

సోర్స్, అంటే శబ్దం పంపే పరికరం, దగ్గర ఎక్కువ ఖర్చు అక్కర్లేదు. ఈ ధరలో దొరికే ఇయర్‌ఫోన్స్‌కు మామూలు యూఎస్‌బీ డాంగిల్ (ఫోన్‌కో లాప్‌టాప్‌కో తగిలించి ఇయర్‌ఫోన్ పెట్టుకునే చిన్న అడాప్టర్) సరిపోతుంది. చూడాల్సింది ఒకటే: డాంగిల్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (కరెంటుకు అడ్డు, ఓమ్స్‌లో కొలుస్తారు) ఇయర్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదు. 16 ఓమ్స్ ఇయర్‌ఫోన్‌కు 2 ఓమ్స్ లోపు ఉండాలి. డ్రైవర్లు ఎక్కువున్న వాటిలో ఇంపీడెన్స్ స్వరస్వరానికీ మారుతుంది కాబట్టి అవుట్‌పుట్ ఇంపీడెన్స్ పెరిగితే ట్యూనింగే మారిపోతుంది. ట్రూథియర్ జీరో రెడ్ అన్న ఇయర్‌ఫోన్‌తో ఒక 10 ఓమ్స్ అడాప్టర్ ఇస్తారు. దాన్ని పెడితే బాస్ పెరుగుతుంది. ఈ సూత్రాన్నే వాళ్లు కావాలని వాడుకున్నారు. స్పెక్స్ పోల్చేటప్పుడు సెన్సిటివిటీ (ఇచ్చిన కరెంటుకు ఎంత శబ్దం వస్తుందో చెప్పే డెసిబెల్ అంకె) కొందరు మిల్లీవాట్‌కు, కొందరు వోల్ట్‌కు ఇస్తారు. 32 ఓమ్స్ అయితే మిల్లీవాట్ అంకెకు 15, 16 ఓమ్స్ అయితే 18 కలిపితే వోల్ట్ అంకె వస్తుంది. చూడకుండా పోల్చితే 105, 120 అన్న రెండు అంకెలు ఒకే ఇయర్‌ఫోన్‌వి కావచ్చు.

బ్యాలన్స్‌డ్ కేబుల్ (ఎడమకూ కుడికీ పూర్తిగా విడి తీగలున్నది) పెడితే స్టేజ్ విచ్చుకుంటుందన్న మాట తరచూ వినిపిస్తుంది. చాలా డాంగిల్స్‌లో బ్యాలన్స్‌డ్ అవుట్‌పుట్ సుమారు 6 డీబీ ఎక్కువ శబ్దమిస్తుంది. ఎక్కువ శబ్దం ఎప్పుడూ పెద్దదిగా, మెరుగ్గా అనిపిస్తుంది. శబ్దాన్ని సమానం చేసి వింటే ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. మామూలు 3.5 మి.మీ. జాక్‌లో ఉమ్మడి గ్రౌండ్ తీగకు 0.1 ఓమ్ నిరోధం ఉందనుకుంటే, 16 ఓమ్స్ ఇయర్‌ఫోన్‌లో ఒక ఛానెల్ రెండోదానిలోకి మైనస్ 44 డీబీ స్థాయిలో కారుతుంది. స్పీకర్లతో వినేటప్పుడు ప్రతి చెవికీ రెండు స్పీకర్లూ నేరుగా వినిపిస్తాయి, దాని ముందు ఇది లెక్కలోకే రాదు. కేబుల్‌కు పెట్టే డబ్బును ఇయర్‌ఫోన్‌లోనో, రెండు మూడు రకాల టిప్స్‌లోనో పెట్టండి.

కేబుల్ వల్ల నిజంగా జరిగే హాని వేరే ఉంది. రెండు పిన్నులుండే కేబుల్‌ను ఒక వైపు తిప్పి గుచ్చితే ఆ వైపు పొలారిటీ తారుమారవుతుంది, అంటే డ్రైవర్ ముందుకు రావాల్సినప్పుడు వెనక్కి పోతుంది. బాస్ సన్నబడుతుంది, మధ్యలో ఉండాల్సిన గొంతు తల చుట్టూ పొగలా వ్యాపిస్తుంది. కొత్తవారు దీన్నే పెద్ద స్టేజ్ అని పొరబడతారు. కొన్ని కేబుల్స్‌కు గాడి ఉండదు కాబట్టి ఏ వైపుగానైనా దిగిపోతాయి. సరైన దిశలో ఉన్నప్పుడు చిన్న గుర్తు పెట్టుకోండి. పిన్నుల లావు కూడా 0.75, 0.78 మి.మీ. అని రెండు రకాలు. లావైనదాన్ని సన్నని రంధ్రంలో బలవంతంగా తోస్తే సాకెట్ వదులైపోతుంది. ఇంకో లోపం జాక్ పూర్తిగా దిగనప్పుడు వస్తుంది. గ్రౌండ్ తగలకపోతే రెండు ఛానెల్స్ మధ్య తేడా మాత్రమే మోగుతుంది. గొంతు మాయమై, పక్కల ఉన్న వాయిద్యాలూ ప్రతిధ్వనీ మాత్రం పెద్దగా వినిపిస్తాయి. ఫోన్ కవర్ అడ్డుపడి జాక్ ఒక మిల్లీమీటర్ బయట ఉండిపోయినా ఇదే జరగొచ్చు.

కొన్న రోజే చేయాల్సిన పరీక్ష చెబుతాను, పదిహేను నిమిషాల పని. ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో (రెండు చెవులకూ ఒకే శబ్దం ఇచ్చేది) ఆపి ఉందో, ఎడమ కుడి బ్యాలన్స్ సరిగ్గా మధ్యలో ఉందో చూడండి. సరౌండ్, స్పేషియల్ ఎఫెక్టులన్నీ తీసేయండి. మోనో పింక్ నాయిస్ (జలపాతపు హోరు లాంటి పరీక్ష శబ్దం) పెట్టి కళ్లు మూసుకోండి. అది తల మధ్యలో నిమ్మకాయంత ముద్దగా నిలవాలి. తర్వాత 20 హెర్ట్జ్ నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా నెమ్మదిగా ఎక్కే టోన్ తక్కువ శబ్దంలో వినండి. టోన్ మధ్యలోనే ఉండి ఎక్కుతూ పోవాలి. ఏ ప్రాంతంలో పక్కకు జారితే అక్కడ రెండు వైపులకూ తేడా ఉన్నట్టు. 6 కిలోహెర్ట్జ్ పైన కాస్త ఊగడం సహజం, అది మీ చెవుల ఆకారం. కిందనే జారితే తప్పెక్కడుందో వెతకాలి. కేబుల్‌ను షెల్స్ దగ్గర ఊడదీసి ఎడమ తీగను కుడి షెల్‌కు, కుడి తీగను ఎడమ షెల్‌కు పెట్టండి. ఒరిగే దిక్కు కూడా మారితే తప్పు ఫోన్‌లోనో కేబుల్‌లోనో ఉంది. మారకపోతే ఇయర్‌ఫోన్‌లోనో టిప్‌లోనో మీ చెవిలోనో ఉంది. అప్పుడు షెల్స్‌ను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చి చూడండి. ఆకారం సరిగా పట్టకపోయినా క్షణం పాటు పట్టుకుని వినవచ్చు. ఒరుగు షెల్‌తో పాటు వెళితే ఆ జతను వెనక్కి ఇచ్చేయండి, అలవాటవుతుందిలే అని ఉంచుకోకండి. చెవితో పాటు ఉండిపోతే టిప్ మార్చండి. ఏ ఇయర్‌ఫోన్ పెట్టినా ఒకే చెవిలో తక్కువ వినిపిస్తుంటే గులిమి ఉందేమో డాక్టర్‌కు చూపించుకోండి.

రెండు మోడళ్లు పోల్చి వింటున్నప్పుడు శబ్దం సమానంగా ఉండేలా చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. పాట తెలిసినదై ఉండాలి, గదిలో కలిసి వాయించి రికార్డ్ చేసినదైతే మరీ మంచిది. పూర్తిగా స్టూడియోలో కంప్యూటర్ మీద పేర్చిన పాటలో స్టేజ్ అంటే మిక్సింగ్ చేసినవారు గీసిన బొమ్మే, లోతు కోసం అందులో వెతకడం వృథా. కృత్రిమ తలతో తీసే బైనారల్ రికార్డింగ్‌లు ఇయర్‌ఫోన్స్‌కు సరిగ్గా సరిపోతాయి. చెవి మడతల సూచన అందులో ముందే ఉంటుంది కాబట్టి శబ్దం తల బయట నిలబడుతుంది. బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా) బాగా తక్కువున్న పాటల్లో రెండు ఛానెల్స్ మధ్య తేడానే ముందు దెబ్బతింటుంది. 256 కేబీపీఎస్ ఏఏసీ ఉంటే ఆ దిగులు అక్కర్లేదు.

ఉన్నదాన్ని స్వరాల మోతాదు మార్చే ఈక్వలైజర్‌తో కొంత సరిదిద్దుకోవచ్చు. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీవో, ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ ఉచితంగా దొరుకుతాయి. ముద్దగా ఉంటే 200 హెర్ట్జ్ దగ్గర క్యూ (మార్పు ఎంత ఇరుకుగా ఉండాలో చెప్పే అంకె) 0.8తో 2 డీబీ తగ్గించండి. గొంతు మీద పడుతుంటే 3 కిలోహెర్ట్జ్ దగ్గర క్యూ 1తో 2 డీబీ తగ్గించండి. గాలి ఆడకపోతే 10 కిలోహెర్ట్జ్ నుంచి హై షెల్ఫ్ (అక్కడినుంచి పైదంతా మార్చేది) 2 డీబీ పెంచి, అదే 2 డీబీ మొత్తం శబ్దాన్ని మార్చే ప్రీయాంప్‌లో తగ్గించండి, లేకపోతే శబ్దం చీలుతుంది. అంతకు మించి ఒకేసారి మార్చకండి. ఒక్కో మార్పుతో ఒక రోజు వినండి. పాతకాలపు రికార్డింగుల్లో ఒక వాయిద్యం పూర్తిగా ఎడమ చెవిలోనే మోగి చిరాకు పెడుతుంటే క్రాస్‌ఫీడ్ వాడండి. ఒక వైపు శబ్దంలో కొంత భాగాన్ని పై స్వరాలు తగ్గించి, స్వల్ప ఆలస్యంతో రెండో చెవికి ఇస్తుంది. దాని సెట్టింగ్స్‌లో 700 హెర్ట్జ్, 4.5 డీబీ మంచి ఆరంభం. వెడల్పు కొద్దిగా తగ్గుతుంది, బదులుగా శబ్దం చెవులకు అంటుకున్నట్టు ఉండటం పోతుంది.

గేమ్స్‌లో అడుగుల చప్పుడు ఎక్కడినుంచో తెలియాలంటే ఇయర్‌ఫోన్‌తో పాటు సెట్టింగ్ కూడా అంతే ముఖ్యం. వాలరెంట్ లాంటి గేమ్స్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ అన్న ఎంపిక ఉంటుంది. అది ఇందాక చెప్పిన చెవి మడతల సూచనను లెక్కగట్టి కలుపుతుంది. దాన్ని పెడితే విండోస్ స్పేషియల్ సౌండ్‌ను, డాంగిల్ సాఫ్ట్‌వేర్ సరౌండ్‌ను ఆపేయాలి. ఒకదాని మీద ఒకటి రెండుసార్లు పనిచేస్తే ముందూ వెనకా తారుమారవుతాయి. బాస్ ఎక్కువున్న ఇయర్‌ఫోన్ ఇక్కడ నష్టం, పేలుళ్ల కింద అడుగులు మునిగిపోతాయి.

పేర్లు కూడా అడుగుతారని తెలుసు. సెవెన్ హెర్ట్జ్ కంపెనీ సాల్నోట్స్ జీరో ఒకే 10 మి.మీ. డైనమిక్ డ్రైవర్‌తో, తక్కువ బాస్‌తో, శుభ్రంగా ఉంటుంది. ముద్దతనం లేని శబ్దం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మంచి ఆరంభం. బాస్ లేకపోతే ఉండలేనివారికి అది పీలగా అనిపిస్తుంది. మూన్‌డ్రాప్ చు 2 కూడా ఒకే డ్రైవర్, కేబుల్ ఊడదీసుకోవచ్చు. షెల్ చిన్నది కాబట్టి చిన్న చెవులకు నప్పుతుంది. ట్రూథియర్ హెక్సాలో ఒక డైనమిక్, మూడు ఆర్మేచర్లు ఉంటాయి. ఇమేజింగే మీకు ముఖ్యమైతే, కాస్త ఎక్కువ పెట్టగలిగితే నా మొదటి ఓటు దానికే. బాస్ మాత్రం మర్యాదగా ఉంటుంది. ట్రూథియర్ జీరో రెడ్ బాగుంటుంది గానీ నాజిల్ లావు, చిన్న రంధ్రాలున్నవారు ముందు పెట్టి చూడకుండా కొనకండి. ఎక్కువగా గేమ్స్, బైనారల్ వినేవారు ఫైనల్ అన్న కంపెనీ ఈ500 చూడవచ్చు. దాన్ని ఆ వాడకాన్ని దృష్టిలో పెట్టుకునే చేశారు.

వినేటప్పుడు శబ్దం పెంచి స్టేజ్‌ను వెతకకండి. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. దిక్కుల్ని ఇంత సూక్ష్మంగా పట్టే చెవి ఒకసారి దెబ్బతింటే ఏ ఇయర్‌ఫోనూ దాన్ని తిరిగి ఇవ్వదు.

కొన్నాళ్లు వాడాక అంతా బాగున్న జతలో గొంతు మెల్లగా ఒక పక్కకు జరగడం మొదలైతే ముందు నాజిల్ చివర ఉండే జల్లెడను వెలుతురులో చూడండి. గులిమి గానీ తేమ గానీ పట్టి ఆ వైపు శబ్దం తగ్గి ఉంటుంది. టిప్ తీసి, నాజిల్‌ను కిందికి వంచి పట్టుకుని, పొడి మెత్తని బ్రష్‌తో తుడవండి. నోటితో ఊదకండి, తేమ ఇంకా లోపలికి పోతుంది. సూదితో గుచ్చకండి, జల్లెడ చిరిగితే ట్యూనింగే మారిపోతుంది. ఒక రాత్రి సిలికా జెల్ పొట్లంతో మూత డబ్బాలో ఉంచి మళ్లీ వినండి. అప్పటికీ ఒరిగే ఉంటే టిప్స్ కొత్తవి పెట్టి, ఆ తర్వాతే ఇయర్‌ఫోన్ పాడైందన్న నిర్ణయానికి రండి.